ప్యాచ్‌లు, వెర్షన్ల పొంతన: ఓపెన్ సోర్స్ వర్చువలైజేషన్ నడిచిన దారి

యూనిట్ - 9

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:

• ప్యాచ్ అంటే ఏమిటో, అంచెలవారీ ప్యాచ్‌లకూ మూల వెర్షన్‌కూ ఉన్న సంబంధమేమిటో వివరించగలుగుతారు.
• జెన్, కె.వి.ఎం. ప్రాజెక్టులు లినక్స్ కెర్నల్‌తో పొంతనను సాధించిన రెండు వేర్వేరు మార్గాలను పోల్చగలుగుతారు.
• మెషీన్ టైపులు, లక్షణ సూచికలు అనే ఏర్పాట్లు ఎందుకు అవసరమయ్యాయో చెప్పగలుగుతారు.
• 2014, 2015, 2018 సంవత్సరాల భద్రతా లోపాల ఆధారంగా ప్యాచ్‌కూ పొంతనకూ గల సంబంధాన్ని విశ్లేషించగలుగుతారు.

9.1 పరిచయం

ఒకే భౌతిక యంత్రం మీద అనేక కల్పిత యంత్రాలు ఏ విధంగా నడుస్తాయో గత యూనిట్‌లో తెలుసుకున్నారు. భౌతిక యంత్రాన్ని ఆతిథేయి అనీ, దానిపై నడిచే కల్పిత యంత్రాన్ని అతిథి అనీ, రెండింటి మధ్య ఉండే నియంత్రణ సాఫ్ట్‌వేర్‌ను హైపర్‌వైజర్ అనీ అంటారని గుర్తుంచుకోండి. ఈ యూనిట్‌లో అదే సాంకేతికతను చరిత్ర దృష్టితో చూద్దాం. మన ముందున్న ప్రశ్న ఇది: వేలాదిమంది వేర్వేరు చోట్ల కూర్చుని నిత్యం మార్పులు చేస్తూ పోతుండగా, నిన్న నడిచిన అతిథి ఈరోజు కూడా నడుస్తుందన్న హామీ ఎవరిచ్చారు? ఎలా ఇవ్వగలిగారు?

వర్చువలైజేషన్ 1960 దశకంలో ఐ.బి.ఎం. పెద్ద కంప్యూటర్ల మీద రూపుదిద్దుకున్నది. 1972లో ఆ సంస్థ వి.ఎం./370 అనే వ్యవస్థను ప్రకటించింది. అక్కడ ప్రాసెసర్‌ను, హైపర్‌వైజర్‌ను తయారుచేసింది ఒకే సంస్థ కాబట్టి, పొంతన కుదర్చవలసిన బాధ్యత కూడా ప్రధానంగా ఆ సంస్థదే. 2000 తరువాత వచ్చిన ఓపెన్ సోర్స్ వర్చువలైజేషన్‌లో పరిస్థితి పూర్తిగా వేరు. ఇందులో కనీసం నాలుగు పొరలున్నాయి: ప్రాసెసర్, దానిలోని మైక్రోకోడ్, ఆతిథేయి కెర్నల్, డిస్కు, నెట్‌వర్క్ కార్డు వంటి పరికరాలను అనుకరించే ప్రోగ్రాము, అతిథిలోని ఆపరేటింగ్ సిస్టమ్. ఈ నాలుగింటినీ నాలుగు వేర్వేరు బృందాలు తయారుచేస్తాయి. ఒకరి విడుదల తేదీలతో మరొకరికి సంబంధం ఉండదు.

అందువల్ల పొంతన సమస్య మూడు దిక్కుల నుంచి వస్తుంది. మొదటిది పొరల మధ్య పొంతన: కెర్నల్ మారితే దాని మీద ఆధారపడిన ప్రోగ్రాము నడవాలి. రెండవది కాలంలో పొంతన: అయిదేళ్ళ కిందట తయారైన అతిథి కొత్త సాఫ్ట్‌వేర్‌లో మేల్కొన్నప్పుడు తన పాత యంత్రాన్నే చూడాలి. మూడవది యంత్రాల మధ్య పొంతన: నడుస్తున్న అతిథిని ఒక ఆతిథేయి నుంచి మరొక ఆతిథేయికి ఆపకుండా తరలించగలగాలి. ఈ మూడింటినీ మనసులో ఉంచుకొని ముందుకు సాగండి. తరువాతి భాగాలలో చెప్పే ప్రతి సంఘటనా వీటిలో ఏదో ఒకదానికి చెందుతుంది.

9.2 ప్యాచ్: మాట, పనిముట్లు, పద్ధతి

ప్యాచ్ అంటే అతుకు, మాసిక. చిరిగిన బట్టను పారవేయకుండా చిరుగు ఉన్నంతమేర గుడ్డ వేసి కుట్టడం మనకు తెలిసిన పనే. కంప్యూటర్ల తొలినాళ్ళలో ఈ మాటకు అక్షరాలా అదే అర్థం ఉండేది. ప్రోగ్రాములు చిల్లుల కాగితపు టేపుల మీద ఉండేవి. తప్పు దొరికిన చోట టేపును కత్తిరించి, సరిచేసిన ముక్కను అతికించేవారు. మాధ్యమం మారినా మాట నిలిచిపోయింది.

నేటి అర్థంలో ప్యాచ్ అంటే రెండు ఫైళ్ళ మధ్య తేడాల పట్టిక. ఆ తేడాలను కనిపెట్టే 'డిఫ్' అనే పనిముట్టు 1970 దశకంలో బెల్ ల్యాబ్స్‌లో, యూనిక్స్‌లో భాగంగా రూపొందింది. దాన్ని రూపొందించినవారిలో డగ్లస్ మెకిల్‌రాయ్ ముఖ్యుడు. ఆ తేడాల పట్టికను తీసుకొని పాత ఫైలును కొత్త ఫైలుగా మార్చే 'ప్యాచ్' అనే ప్రోగ్రామును 1985లో లారీ వాల్ రాశాడు. తరువాత పెర్ల్ భాషను సృష్టించినవాడు ఇతడే. ఈ రెండు పనిముట్ల వల్ల మొత్తం ప్రోగ్రామును పంపవలసిన అవసరం తప్పింది. మారిన వరుసలను, వాటికి పైనా కిందా ఉన్న కొన్ని వరుసలను పంపితే చాలు. దూరదూరాన ఉన్నవారు కలిసి పనిచేయడానికి ఇదే పునాది అయింది.

ఇక్కడ ఒక విషయాన్ని జాగ్రత్తగా గమనించండి. ప్యాచ్ ప్రోగ్రాము చుట్టుపక్కల వరుసలను చూసి అతుకు వేయవలసిన చోటును గుర్తిస్తుంది. వరుసలు కొద్దిగా అటూ ఇటూ జరిగినా సర్దుకుంటుంది. చోటు దొరకకపోతే ఆ ముక్కను తిరస్కరిస్తుంది. అయితే ఆ చోట అతుకు వేస్తే ప్రోగ్రాము అర్థం నిలుస్తుందో లేదో దానికి తెలియదు. అతికినంత మాత్రాన సరిపోయిందని అనుకోరాదు. ప్యాచ్‌ల నిర్వహణలో వచ్చే తప్పులలో చాలా భాగం ఈ తేడాను మరచిపోవడం వల్లనే వస్తాయి.

అంచెలవారీ ప్యాచ్‌ల విషయంలో మరొక మెలిక ఉంది. 2005 మార్చిలో లినక్స్ కెర్నల్‌కు 'స్థిర శాఖ' అనే ఏర్పాటు 2.6.11.1 వెర్షన్‌తో మొదలైంది. గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్, క్రిస్ రైట్ దానికి బాధ్యత వహించారు. కొత్త సౌకర్యాలు చేర్చకుండా, తప్పులను మాత్రమే సరిచేసే చిన్న చిన్న విడుదలలు ఈ శాఖలో వస్తాయి. దీని నిబంధనలు సరళమైనవే, కాని కఠినమైనవి. ప్యాచ్ 100 వరుసలకు మించరాదు. నిజంగా ఎవరినో ఇబ్బంది పెడుతున్న తప్పునే సరిచేయాలి. అదే దిద్దుబాటు ప్రధాన కెర్నల్‌లో ముందుగా చేరి ఉండాలి. ఈ చివరి నిబంధన వెనుక ఉన్న ఆలోచనను గ్రహించండి: పాత శాఖలో సరిచేసి కొత్త శాఖలో మరచిపోతే, వెర్షన్ పెంచుకున్నవారికి పాత తప్పు మళ్ళీ ఎదురవుతుంది.

ఈ శాఖ ప్యాచ్‌లు దేని మీద వేయాలి అన్నది కొత్తవారిని తికమక పెట్టే అంశం. మీ దగ్గర 2.6.20.2 ఉందనుకోండి. 2.6.20.3 ప్యాచ్‌ను దాని మీద నేరుగా వేయరాదు. ఆ ప్యాచ్ 2.6.20 అనే మూల వెర్షన్ నుంచి లెక్కించినది. ముందుగా .2 ప్యాచ్‌ను వెనక్కి తీసి, మూలానికి చేరుకుని, అప్పుడు .3 ప్యాచ్‌ను వేయాలి. .2 నుంచి .3కు నేరుగా తీసుకెళ్ళే అంచెలవారీ ప్యాచ్‌లను విడిగా ఇస్తారు. మూలం ఏదో తెలియని ప్యాచ్ చిరునామా లేని ఉత్తరం వంటిది. 'ఇది ఏ వెర్షన్ మీద?' అన్నది ప్యాచ్‌ను చేతిలోకి తీసుకున్నవారు వేయవలసిన మొదటి ప్రశ్న.

2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ 'గిట్' రచనను ప్రారంభించడంతో ఈ భారం చాలావరకు తగ్గింది. ప్రతి ప్యాచ్ ఏ స్థితి మీద పుట్టిందో గిట్ తానే నమోదు చేస్తుంది. తప్పు ఏ ప్యాచ్‌తో వచ్చిందో వెతికే సౌకర్యం కూడా ఇందులో ఉంది. మంచి వెర్షన్‌కూ చెడిన వెర్షన్‌కూ మధ్య 1,024 ప్యాచ్‌లున్నా, ప్రతిసారీ సగానికి విభజిస్తూ పోతే 10 పరీక్షలతో దోషిని పట్టుకోవచ్చు. అయితే ఇది సాధ్యం కావాలంటే ప్రతి ప్యాచ్ తర్వాత కూడా ప్రోగ్రాము నడిచే స్థితిలో ఉండాలి. పెద్ద మార్పును చిన్న చిన్న, స్వతంత్రమైన ముక్కలుగా పంపమని నిర్వాహకులు పట్టుబట్టడానికి ఇది ఒక ముఖ్య కారణం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
(అ) స్థిర శాఖలోకి వచ్చే దిద్దుబాటు ప్రధాన కెర్నల్‌లో ముందే ఉండాలన్న నిబంధన ఎందుకు?
(ఆ) 2.6.20.2 నుంచి 2.6.20.3కు చేరుకునే రెండు మార్గాలేవి?

9.3 జెన్: మూలానికి వెలుపల గడిపిన కాలం

జెన్ హైపర్‌వైజర్ ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ కంప్యూటర్ ప్రయోగశాలలో పుట్టింది. ఇయాన్ ప్రాట్, కీర్ ఫ్రేజర్ తదితరులు 2003లో దాన్ని పరిశోధన పత్రం ద్వారా లోకానికి పరిచయం చేశారు. అప్పటి ఇంటెల్ తరహా ప్రాసెసర్లలో వర్చువలైజేషన్‌కు తగిన సహాయం లేదు. అందువల్ల జెన్ ఒక ఉపాయం పన్నింది: తాను కల్పిత యంత్రంలో ఉన్నానన్న సంగతి అతిథికి తెలియాలి, కొన్ని పనులను అతిథి కెర్నలే హైపర్‌వైజర్‌ను అడిగి చేయించుకోవాలి. వేగం బాగా పెరిగింది. కాని దీనికి చెల్లించిన మూల్యం ఏమిటంటే, అతిథి కెర్నల్‌ను మార్చవలసి వచ్చింది. అదీగాక పరికరాలను నడపడానికి జెన్ 'డొమైన్ 0' అనే ప్రత్యేక వ్యవస్థపై ఆధారపడింది. అది సాధారణంగా లినక్స్. దాని కెర్నల్‌కు మరింత ఎక్కువ మార్పులు కావాలి.

ఈ మార్పులన్నీ చాలాకాలం ప్రధాన లినక్స్ కెర్నల్‌కు వెలుపల, ఒక పెద్ద ప్యాచ్‌ల మూటగా ఉండిపోయాయి. 2006 సెప్టెంబరులో విడుదలైన 2.6.18 కెర్నల్ మీద జెన్ బృందం తమ మార్పులను నిలిపింది. లినక్స్ కెర్నల్ మాత్రం రెండు మూడు నెలలకొక కొత్త వెర్షన్‌తో ముందుకు సాగింది. కెర్నల్ తన లోపలి ఏర్పాట్లను ఎప్పుడైనా మార్చుకుంటుంది. బయటి వాడుక ప్రోగ్రాములకు ఇచ్చిన హామీని మాత్రం తప్పదు. ఇది లినక్స్ నిర్వాహకులు బహిరంగంగా ప్రకటించిన విధానం. మూలం లోపల ఉన్న కోడును, లోపలి ఏర్పాటును మార్చినవారే సరిచేస్తారు. వెలుపల ఉన్న కోడును ఎవరూ సరిచేయరు. దాని యజమానే పరుగెత్తాలి.

ఫలితంగా కొత్త కెర్నల్‌లోని పరికరాల డ్రైవర్లు కావాలనుకున్న లినక్స్ పంపిణీ సంస్థలు 2.6.18 నాటి జెన్ ప్యాచ్‌లను కొత్త వెర్షన్ల మీదికి తామే మోసుకుపోవలసి వచ్చింది. ఒకే పనిని అనేకులు విడివిడిగా, ఒకరికొకరు తెలియకుండా చేశారు.

దీనికి పరిష్కారం ఒక్కసారిగా రాలేదు. మొదట, ఏ హైపర్‌వైజర్‌కైనా పనికివచ్చే సాధారణ వేదికను కెర్నల్‌లో ఏర్పరచారు. దాని ఆధారంగా జెన్ సాధారణ అతిథిగా నడిచే సామర్థ్యం 2007లో 2.6.23 కెర్నల్‌లో చేరింది. డొమైన్ 0గా నడిచే సామర్థ్యం విషయంలో మాత్రం తీవ్రమైన వాదోపవాదాలు జరిగాయి. ఒక హైపర్‌వైజర్ కోసం ప్రాసెసర్ సంబంధమైన కోడులో నలుమూలలా మార్పులు ఒప్పుకోలేమని 2009లో కెర్నల్ నిర్వాహకులు అభ్యంతరం చెప్పారు. జెన్ అభివృద్ధికారులు ఆ మార్పులను విడదీసి, శుభ్రపరచి, ముక్కలుగా తిరిగి పంపారు. తొలి భాగం 2.6.37లో చేరింది. 2011 జూలైలో వచ్చిన లినక్స్ 3.0తో డొమైన్ 0కు కావలసిన ముఖ్య భాగాలన్నీ మూలంలోకి వచ్చాయి. మొదటి పరిశోధన పత్రం నుంచి లెక్కిస్తే దాదాపు ఎనిమిదేళ్ళు.

9.4 కె.వి.ఎం.: మూలం లోపలే పెరిగిన ప్రాజెక్టు

2005, 2006 సంవత్సరాలలో ఇంటెల్, ఎ.ఎం.డి. సంస్థలు తమ ప్రాసెసర్లలోనే వర్చువలైజేషన్‌కు సహాయపడే ఆదేశాలను చేర్చాయి. దీనితో అతిథి కెర్నల్‌ను మార్చవలసిన అవసరం తగ్గింది. ఈ అవకాశాన్ని ఇజ్రాయెల్‌లోని కుమ్రానెట్ అనే చిన్న సంస్థ అందిపుచ్చుకున్నది. ఆ సంస్థకు చెందిన అవి కివిటీ 2006 అక్టోబరులో కె.వి.ఎం. ప్యాచ్‌లను లినక్స్ అభివృద్ధికారుల ముందుంచాడు. 2007 ఫిబ్రవరిలో విడుదలైన 2.6.20 కెర్నల్‌లో కె.వి.ఎం. భాగమైపోయింది. నాలుగు నెలలు కూడా పట్టలేదు.

జెన్‌కు ఎనిమిదేళ్ళు, కె.వి.ఎం.కు నాలుగు నెలలు. ఈ తేడాకు కారణాలను మీరు ఆలోచించాలి. కె.వి.ఎం. లినక్స్ కిందకు చేరి దాన్ని తన చెప్పుచేతల్లోకి తీసుకోలేదు. లినక్స్‌లో మరొక డ్రైవరులాగా ఒదిగింది. జ్ఞాపకశక్తి నిర్వహణ, పనుల కేటాయింపు వంటివాటికి కెర్నల్‌లో అప్పటికే ఉన్నవాటినే వాడుకున్నది. అందువల్ల ప్యాచ్‌లు చిన్నవిగా, ఒకచోటికి పరిమితమై ఉన్నాయి. ప్రాసెసర్ల సహాయం అప్పుడే అందుబాటులోకి రావడం కూడా దానికి కలిసివచ్చింది. జెన్ మొదలైన 2003లో ఆ మార్గమే లేదు. కాబట్టి జెన్ రూపకర్తల ఎంపికను వారి కాలాన్ని బట్టి అంచనా వేయడం చరిత్ర విద్యార్థికి తగిన పద్ధతి.

కె.వి.ఎం.కు కూడా బాల్యారిష్టాలు తప్పలేదు. 2.6.20, 2.6.21 కెర్నళ్ళలో కె.వి.ఎం. బయటి ప్రోగ్రాములతో మాట్లాడే తీరు ఇంకా స్థిరపడలేదు. 2.6.22 నుంచి అది స్థిరపడింది. దానికి 12 అనే సంఖ్య ఇచ్చారు. ఆ సంఖ్య ఇక మారదని కె.వి.ఎం. పత్రాలు చెబుతున్నాయి. 12 కాకుండా మరే సంఖ్య వచ్చినా ప్రోగ్రాము నడవడానికి నిరాకరించాలని కూడా అవే పత్రాలు సూచిస్తున్నాయి.

సంఖ్య మారకపోతే కొత్త సౌకర్యాలు ఎలా చేర్చారు? ఇక్కడే ముఖ్యమైన పాఠం ఉంది. ప్రోగ్రాము 'నీ వెర్షన్ ఎంత?' అని అడగదు, 'ఈ సౌకర్యం నీ దగ్గర ఉన్నదా?' అని ఒక్కొక్కదాన్నే అడుగుతుంది. ఉంటే వాడుకుంటుంది, లేకపోతే పాత దారిలో పోతుంది. వెర్షన్ సంఖ్య ఒకే గీతపై ఒక బిందువు. కాని వాస్తవంలో ఒక పంపిణీ సంస్థ ఒక సౌకర్యాన్ని తీసుకొని మరొకదాన్ని వదిలేయవచ్చు. ఆ పరిస్థితిని ఒక్క సంఖ్య చెప్పలేదు.

దీనికి మంచి ఉదాహరణ రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 5. 2007లో అది జెన్‌తో విడుదలైంది. దాని కెర్నల్ చివరివరకు 2.6.18 గానే ఉంది. 2008లో రెడ్ హ్యాట్ కుమ్రానెట్‌ను కొనుగోలు చేసింది. 2009లో వచ్చిన 5.4 విడుదలలో కె.వి.ఎం.ను చేర్చింది. కె.వి.ఎం. పుట్టింది 2.6.20లో కదా, 2.6.18లోకి ఎలా వచ్చింది? కొత్త కెర్నల్‌లోని కోడును పాత కెర్నల్‌కు తగినట్లు మలచి వెనక్కి తెచ్చారు. దీన్నే బ్యాక్‌పోర్ట్ అంటారు. కాబట్టి వెర్షన్ సంఖ్య చూసి 'ఇది పాతది, ఇందులో ఆ సౌకర్యం ఉండదు' అనో, 'ఇందులో ఆ లోపం సరికాలేదు' అనో తీర్మానించడం పొరపాటు. సంస్థ విడుదల చేసిన మార్పుల పట్టికను చదవాలి.

9.5 క్యూఎము: చీలిన శాఖలు కలిసిన కథ

కె.వి.ఎం. ప్రాసెసర్ పనిని చూసుకుంటుంది. డిస్కు, నెట్‌వర్క్ కార్డు, తెర వంటివాటిని అనుకరించేది క్యూఎము. ఫ్రెంచి ప్రోగ్రామర్ ఫాబ్రిస్ బెల్లార్ 2003లో దీన్ని విడుదల చేశాడు. కె.వి.ఎం. బృందం క్యూఎము నకలు ఒకటి తీసుకొని, తమకు కావలసిన మార్పులు చేసుకున్నది. మొదట్లో కెర్నల్ భాగాన్ని, క్యూఎము భాగాన్ని ఒకే మూటగా కట్టి విడుదల చేసేవారు. రెండూ ఒకచోటి నుంచే వస్తే పొంతన తేలికే. కాని కెర్నల్ ఒక దారిలో, క్యూఎము మరొక దారిలో పెరుగుతున్నప్పుడు ఆ మూట ఎల్లకాలం నిలవదు. 2009 నుంచి రెండింటినీ వేరుచేసి, క్యూఎము-కె.వి.ఎం. అనే శాఖను విడిగా నడిపారు.

ఆ శాఖను మూల క్యూఎముతో తిరిగి కలపడం కొన్నేళ్ళ పని. తేడాలను ఒక్కొక్కటిగా తీసి, మూల ప్రాజెక్టు ప్రమాణాలకు తగినట్లు తిరగరాసి, పంపుతూ పోయారు. 2012 డిసెంబరులో వచ్చిన క్యూఎము 1.3తో ఆ పని ముగిసింది. విడిగా ఉన్న శాఖ అవసరం తీరిపోయింది. జెన్ చరిత్రలో చూసిన సూత్రమే ఇక్కడా కనిపిస్తుంది: శాఖగా చీలడం ఒక్క రోజు పని, కలవడం ఏళ్ళ పని.

9.6 పాత యంత్రాన్ని కొత్త సాఫ్ట్‌వేర్‌లో నిలపడం

ఇప్పుడు కాలంలో పొంతన విషయానికి వద్దాం. అతిథిలోని ఆపరేటింగ్ సిస్టమ్ తాను చూస్తున్నది నిజమైన యంత్రమే అనుకుంటుంది. క్యూఎము కొత్త వెర్షన్‌లో నెట్‌వర్క్ కార్డు వేరే చోట కనిపిస్తే, అతిథి దాన్ని కొత్త కార్డుగా భావించి పాత అమరికలను వదిలేయవచ్చు. నడుస్తూ ఉండగా తరలించిన అతిథి విషయంలో ఇది మరింత ప్రమాదం. యంత్రం కళ్ళముందే మారిపోతే అది కూలిపోతుంది.

దీనికి క్యూఎము ప్రవేశపెట్టిన ఏర్పాటు వెర్షన్ కలిగిన మెషీన్ టైపులు. 'పిసి-0.10', 'పిసి-0.11' వంటి పేర్లతో, ఆయా వెర్షన్ల నాటికి యంత్రం ఎలా కనిపించేదో క్యూఎము గుర్తుంచుకునే ఏర్పాటు ఇది. కొత్త వెర్షన్‌లో ఏదైనా లక్షణం మారితే, పాత మెషీన్ టైపుకు మాత్రం పాత విలువనే ఉంచే పట్టికను రాస్తారు. సాఫ్ట్‌వేర్ కొత్తది, దానిలో కనిపించే యంత్రం పాతది. తప్పులు సరిదిద్దుకుంటూనే అతిథికి ఇచ్చిన మాట నిలుపుకోవడం ఈ విధంగా సాధ్యమైంది. 2005లో మొదలైన లిబ్‌వర్ట్ అనే నిర్వహణ గ్రంథాలయం దీనికి తోడ్పడింది. వాడుకరి కేవలం 'పిసి' అని రాసినా, అతిథిని నమోదు చేసిన నాటి కచ్చితమైన మెషీన్ టైపు పేరును లిబ్‌వర్ట్ భద్రపరుస్తుంది.

ఈ హామీకి ఒక దిశ ఉందని గమనించండి. పాత క్యూఎము నుంచి కొత్త క్యూఎముకు, అదే మెషీన్ టైపుతో తరలించడానికి ప్రాజెక్టు పూచీ పడుతుంది. కొత్తదాని నుంచి పాతదానికి తిరిగి తరలించడానికి మూల ప్రాజెక్టు అటువంటి పూచీ ఇవ్వదు. వెనక్కి రాగలమన్న నమ్మకంతో ముందుకు వెళ్ళేవారు ఈ తేడాను ముందే తెలుసుకోవాలి.

రెండవ ఏర్పాటు వర్ట్ఐఓ. రస్టీ రసెల్ రూపొందించిన ఇది 2008 జనవరిలో 2.6.24 కెర్నల్‌లో వచ్చింది. నిజమైన కార్డులను అనుకరించకుండా, కల్పిత యంత్రాల కోసమే రూపొందించిన పరికరాల నమూనా ఇది. ఇందులో పరికరం తన సామర్థ్యాలను సూచికల రూపంలో ప్రకటిస్తుంది. అతిథి డ్రైవరు తనకు తెలిసినవాటిని మాత్రమే ఒప్పుకొని, తెలియనివాటిని వదిలేస్తుంది. పాత డ్రైవరు కొత్త పరికరంతోనూ, కొత్త డ్రైవరు పాత పరికరంతోనూ ఒక ఒప్పందానికి రాగలుగుతాయి. కె.వి.ఎం.లో చూసిన 'ఈ సౌకర్యం ఉన్నదా?' అనే పద్ధతికి ఇది తోబుట్టువు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
(అ) బ్యాక్‌పోర్ట్ అంటే ఏమిటి? ఒక ఉదాహరణ ఇవ్వండి.
(ఆ) మెషీన్ టైపు దేనిని మారకుండా ఉంచుతుంది? దేనిని మారనిస్తుంది?

9.7 భద్రతా లోపాలు: మూడు పరీక్షలు

పైన చెప్పిన ఏర్పాట్ల విలువ ఆపద వచ్చినప్పుడు బయటపడింది. 2006లో మొదలైన అమెజాన్ అద్దె కంప్యూటర్ల సేవ జెన్ మీద నడిచేది. ఒకే ఆతిథేయి మీద ఒకరికొకరు తెలియని ఖాతాదారుల అతిథులు పక్కపక్కనే ఉంటారు. మధ్య గోడ హైపర్‌వైజర్ ఒక్కటే. గోడలో పగులు వస్తే ఒకరి రహస్యం మరొకరి చేతిలో పడుతుంది.

మొదటి పరీక్ష 2014లో వచ్చింది. ఒక అతిథి హైపర్‌వైజర్ జ్ఞాపకంలోని సమాచారాన్ని చదవగలిగే లోపం జెన్‌లో బయటపడింది. ప్రపంచానికి వెల్లడించే తేదీని అక్టోబరు 1గా నిర్ణయించారు. ఆలోపే సరిచేయాలి. జెన్ స్వయంగా ఆతిథేయి అడుగున ఉంటుంది కాబట్టి దాన్ని మార్చాలంటే అప్పట్లో యంత్రాన్ని పూర్తిగా ఆపి తిరిగి మొదలుపెట్టడం తప్ప మార్గం లేదు. సెప్టెంబరు చివరి రోజుల్లో అమెజాన్ తన యంత్రాలలో 10 శాతం లోపు వాటిని ఈ విధంగా ఆపి మొదలుపెట్టింది. ఆ యంత్రాల మీద ఆధారపడిన వారందరూ సేవలో అంతరాయానికి సిద్ధపడవలసి వచ్చింది. ఈ అనుభవం తరువాత, యంత్రాన్ని ఆపకుండానే ప్యాచ్ వేసే సౌకర్యం 2016 జూన్‌లో జెన్ 4.7తో వచ్చింది. అటువంటి ఏర్పాటు లినక్స్ కెర్నల్‌లో 2015 ఏప్రిల్‌లో 4.0 వెర్షన్‌తోనే చేరింది.

రెండవ పరీక్ష 2015 మే నెలలో వచ్చిన 'వెనమ్' అనే లోపం. ఇది క్యూఎములో ఫ్లాపీ డిస్కు నియంత్రికను అనుకరించే కోడులో ఉంది. 2004 నుంచి ఎవరి కంటా పడకుండా దాగి ఉంది. క్యూఎము కోడునే వాడుకుంటున్న జెన్, వర్చువల్‌బాక్స్ కూడా దీని బారిన పడ్డాయి. ఫ్లాపీలు మూలపడి ఎన్నో ఏళ్ళయింది. అయినా పాత అతిథుల కోసం ఆ పరికరాన్ని ఉంచారు. పొంతన కోసం మోస్తున్న పాత బరువే ఇక్కడ ప్రమాదమైంది. పొంతనకు కూడా ఒక ధర ఉందనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

ఇక్కడ ప్యాచ్ ఎలా వేశారో చూడండి. డిస్కు మీద క్యూఎము ఫైలును మార్చినంత మాత్రాన చాలదు. నడుస్తున్న ప్రతి అతిథి వెనుక పాత క్యూఎము కోడే జ్ఞాపకంలో ఉంటుంది. అతిథిని పూర్తిగా ఆపి మొదలుపెట్టాలి. లేదా కొత్త క్యూఎము ఉన్న చోటికి ఆపకుండా తరలించాలి. ఈ రెండవ మార్గం మెషీన్ టైపుల పొంతన ఉంటేనే సాధ్యం. ఈ యూనిట్‌లోని ప్రధాన వాదం ఇదే: ప్యాచ్, పొంతన అనేవి ఒకదానికొకటి అడ్డు కావు. పొంతన ఉన్నచోట ప్యాచ్ త్వరగా, ఎవరికీ తెలియకుండా వేయవచ్చు. పొంతన లేనిచోట మనుషులు ప్యాచ్‌ను వాయిదా వేస్తారు. వాయిదా పడిన ప్యాచ్ తెరిచిన తలుపు వంటిది.

మూడవ పరీక్ష 2018 జనవరి 3న వెల్లడైన మెల్ట్‌డౌన్, స్పెక్టర్ లోపాలు. ఇవి ప్రాసెసర్లలోనే ఉన్నవి. స్పెక్టర్‌లోని ఒక రకానికి నాలుగు పొరలలోనూ దిద్దుబాటు కావలసి వచ్చింది. ప్రాసెసర్‌కు కొత్త మైక్రోకోడ్, ఆతిథేయి కెర్నల్‌కు ప్యాచ్, ప్రాసెసర్‌లోని కొత్త లక్షణాన్ని అతిథికి చూపించే క్యూఎము, దాన్ని వాడుకునే అతిథి కెర్నల్. ఈ వరుసలో ఏ ఒక్కటి తప్పినా రక్షణ పూర్తికాదు. క్యూఎముకు సంబంధించిన మార్పులు ఫిబ్రవరిలో 2.11.1 విడుదలలో వచ్చాయి. కొత్త లక్షణం కనిపించాలంటే అతిథిని పూర్తిగా ఆపి మొదలుపెట్టాలి. ఆపైన దాన్ని, మైక్రోకోడ్ ఇంకా మారని ఆతిథేయికి తరలించడానికి వీలుండదు. అంటే ఆతిథేయిలన్నిటినీ ఒక క్రమంలో సిద్ధం చేసుకున్న తరువాతనే అతిథుల జోలికి పోవాలి. ఇంతలో మరో చిక్కు వచ్చింది. తొలి మైక్రోకోడ్ వల్ల కొన్ని యంత్రాలు హఠాత్తుగా ఆగి మొదలవుతున్నందున, దాన్ని వేయడం ఆపమని జనవరి 22న ఇంటెల్ సూచించింది. వేసిన ప్యాచ్‌ను వెనక్కి తీయగల దారిని ముందే సిద్ధం చేసుకున్నవారే ఆ నెలలో నిలదొక్కుకున్నారు.

9.8 సారాంశం

ఓపెన్ సోర్స్ వర్చువలైజేషన్ చరిత్రలో పొంతన ఎవరో ఒకరు ఆదేశించినందువల్ల రాలేదు. అనుభవం మీద, ఒక్కొక్క ఏర్పాటుగా రూపుదిద్దుకున్నది. మూలానికి వెలుపల పెద్ద ప్యాచ్‌ల మూటను మోయడం ఎంత భారమో జెన్ చరిత్ర చూపింది. చిన్న ప్యాచ్‌లతో మూలంలో ఒదిగిపోవడం ఎంత మేలో కె.వి.ఎం. చూపింది. చీలిన శాఖను కలపడానికి పట్టే కాలాన్ని క్యూఎము చూపింది. వెర్షన్ సంఖ్యకు బదులు సౌకర్యాన్ని అడిగే పద్ధతి, మెషీన్ టైపులు, వర్ట్ఐఓ సూచికలు మూడూ ఒకే అవసరం నుంచి పుట్టాయి. చివరగా 2014, 2015, 2018 నాటి లోపాలు, పొంతన లేనిదే ప్యాచ్ సకాలంలో చేరదనీ, పొంతన కోసం దాచిన పాత కోడును కూడా కనిపెట్టి ఉండాలనీ నేర్పాయి.

ఈ పాఠం పెద్ద సంస్థలకే పరిమితం కాదు. మీరు ఇంట్లో ఒక కంప్యూటర్ మీద ఒకే ఒక్క కల్పిత యంత్రాన్ని నడిపినా ఇదే క్రమం వర్తిస్తుంది. మార్చబోయేముందు మూల వెర్షన్‌ను, మెషీన్ టైపును రాసి పెట్టుకోండి. ఒకేసారి ఒక పొరనే మార్చండి. నడుస్తున్నదని నిర్ధారించుకున్న తరువాతనే తరువాతి పొరకు వెళ్ళండి. వెనక్కి వచ్చే దారిని ముందే పరీక్షించి ఉంచండి.

9.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి: సమాధాన సూచనలు

1. (అ) పాత శాఖలో సరిచేసిన తప్పు కొత్త వెర్షన్‌లో తిరిగి ఎదురుకాకుండా ఉండేందుకు. (ఆ) .2 ప్యాచ్‌ను తీసి మూలం మీద .3 ప్యాచ్‌ను వేయడం, లేదా.2 నుంచి .3కు విడిగా ఇచ్చిన అంచెలవారీ ప్యాచ్‌ను వేయడం.
2. (అ) కొత్త వెర్షన్‌లోని కోడును పాత వెర్షన్‌కు తగినట్లు మలచి చేర్చడం, 2.6.18 కెర్నల్‌లోకి కె.వి.ఎం. (ఆ) అతిథికి కనిపించే యంత్ర స్వరూపాన్ని మారకుండా ఉంచుతుంది. దాని వెనుక ఉన్న సాఫ్ట్‌వేర్‌ను మారనిస్తుంది.

9.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 వరుసలలో సమాధానాలు రాయండి.
1. లినక్స్ మూల కెర్నల్‌లో చేరడానికి జెన్, కె.వి.ఎం. అనుసరించిన మార్గాలను వాటి కాల పరిస్థితులతో సహా పోల్చండి.
2. 'పొంతన ఉన్నచోటే ప్యాచ్ సకాలంలో చేరుతుంది.' 2014, 2015, 2018 సంఘటనల ఆధారంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 వరుసలలో సమాధానాలు రాయండి.
1. పొంతన సమస్యకు గల మూడు దిక్కులను ఉదాహరణలతో వివరించండి.
2. వెర్షన్ సంఖ్యను బట్టి సాఫ్ట్‌వేర్ సామర్థ్యాన్ని నిర్ణయించడంలోని పరిమితులేవి?
3. పొంతన కోసం నిలిపిన పాత కోడు ప్రమాదంగా మారిన సందర్భాన్ని తెలపండి.